బీరువాలో పెట్టిన రీస్లింగ్ తెరిస్తే కిరసనాయిలు వాసన: చెడిపోయినట్టేనా?

పెన్నాకట్ట (అనంతపురం):
అన్నలారా, వైన్ సంగతి తెలిసినవాళ్లు కొంచెం చూసి చెప్పండి. జర్మనీ మోజెల్ లోయ రీస్లింగ్ (అదే పేరున్న తెల్లద్రాక్ష వైన్), 2017ది. లేబుల్ మీద ట్రాకెన్ అని, ఆల్కహాల్ 12.5% అని ఉంది. రెండు సీసాలు ఎండాకాలమంతా బీరువాలోనే ఉండిపోయినాయి. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి తెరిస్తే కిరసనాయిలు మాదిరి వాసన. అడుగున చక్కెర పలుకుల్లాంటివి. నోట్లో పోసుకుంటే పళ్లు పులిసేంత పులుపు. రంగు బంగారు పసుపు. ఇది చెడిపోయిందా, దీని తీరే ఇంతా? రెండో సీసా ఎట్ల దాచాల? మన తిండిలో దేనికి కుదురుతుంది?

బురుజుకాడ (కర్నూలు):
మీరు చెప్పిన మూడింట్లో ఒక్కటీ చెడిపోయిన గుర్తు కాదు. కానీ బీరువా మంచి పని చేయలేదు.

కిరసనాయిలు వాసన టీడీఎన్ అనే పదార్థానిది. ద్రాక్షలోని కెరోటినాయిడ్లు విరిగితే వచ్చే పదార్థాల నుంచి, వైన్‌లోని పులుపు వల్ల సీసాలోనే మెల్లగా తయారవుతుంది. మిగతా ద్రాక్షల కంటే రీస్లింగ్‌లో ఇది చాలా ఎక్కువ. 2017 సీసాలో కొంత ఉండడం సహజమే. అయితే వేడి ఎక్కువైతే ఇది తొందరగా పెరుగుతుంది, మన ఎండల్లో బీరువా లోపల కూడా 35 డిగ్రీలు దాటుతుంది కదా. మూత సంగతి కూడా ఉంది. కార్క్ ఈ వాసనలో కొంత పీల్చుకుంటుంది, తిప్పే మూత పీల్చుకోదు. గ్లాసులో పోసి పది నిమిషాలు వదిలేయండి. ఆ వాసన వెనక నిమ్మతొక్క, పచ్చి యాపిల్, కొంచెం తేనె తగిలితే వైన్ బాగున్నట్టే.

వేడికి నిజంగా పోయిన సీసా గుర్తులు వేరు. కార్క్ సీసా అంచు కంటే పైకి లేచి ఉంటుంది. రేకు కింద జిగటగా కారిన మరక ఉంటుంది. మెడ దగ్గర మట్టం తగ్గుతుంది. రంగు బంగారం దాటి గోధుమ రంగుకు తిరుగుతుంది, కోసి పెట్టిన యాపిల్ నల్లబడిన వాసన వస్తుంది. రెండో సీసా తెరవకముందే మొదటి మూడూ చూసుకోవచ్చు.

పలుకులు చక్కెర కావు, పొటాషియం బైటార్ట్రేట్. ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం చల్లదనానికి ఇట్ల గడ్డకట్టి అడుగున పడుతుంది. గాజు ముక్కలేమో అని భయముంటే రెండు పలుకులు వేడినీళ్లలో వేయండి, కరిగిపోతాయి. సీసాను రెండు గంటలు నిలబెట్టి, వంచి మెల్లగా పోసి, చివరి అంగుళం వదిలేస్తే సరి.

పులుపు దాని జాతి గుణం. చలి ప్రాంతంలో ద్రాక్ష మెల్లగా పండుతుంది కాబట్టి పులుపు విరగదు. ట్రాకెన్ అంటే డ్రై, తీపి లేనిది, లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర. పులుపు బాగా ఉంటే 9 గ్రాముల వరకు ఒప్పుకుంటారు, కానీ ఆ చక్కెర అంకె పులుపు అంకె కంటే 2 మించి ఎక్కువ ఉండకూడదు. పులుపు 7 గ్రాములుంటే చక్కెర 9 వరకు ఉండొచ్చన్నమాట. అందుకే ట్రాకెన్ అని రాసిన రెండు సీసాలు నాలుక మీద ఒకేలా ఉండవు.

ఇంక దాచడం. సరైన వేడి 12 నుంచి 14 డిగ్రీలు. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల డబ్బాలో పడుకోబెట్టండి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా కుదుపు, వెచ్చగాలి. కొన్ని నెలలకు ఇది చాలు. ఏళ్ల తరబడి అయితే ఫ్రిజ్ పొడిగాలికి కార్క్ ఎండుతుంది. కారులో మాత్రం వదలొద్దు, మే నెల మధ్యాహ్నం ఒక్క గంట చాలు దాని పని కావడానికి.

సంగటిముద్ద (కడప):
తిండి సంగతి నేను చెప్తా. చింతపండులో ఉండే పులుపు కూడా టార్టారిక్ ఆమ్లమే, ద్రాక్షలో ఉండేదే. పులుపు కూర ముందర పులుపు తక్కువ వైన్ పెడితే నీళ్లలాగ చప్పబడిపోతుంది. పులుసుకు నిలబడేది రీస్లింగ్ లాంటిదే. చేపల పులుసు, చేపల వేపుడు, నిమ్మకాయ పిండి పుట్నాల పొడి చల్లిన ఉగ్గాని, పక్కన బజ్జీ, వీటితో బ్రహ్మాండంగా పోతుంది. బజ్జీ నూనెను ఆ పులుపు కడిగేస్తుంది.

ఎర్రకారం దోసెకు మాత్రం ఈ సీసా పెట్టొద్దు. మిరపకారం మంట తగిలేది వేడిని పసిగట్టే నరానికే. అది మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. ఆల్కహాల్ తగిలితే 34 దగ్గరే మేలుకుంటుంది, అంటే ఒంటి వేడికే మంట. 12.5% వైన్ అంటే కారం మంట మీద నూనె పోసినట్టు. దానికి 8, 9 శాతం ఆల్కహాల్ ఉండి కొంచెం తీపి మిగిలిన రీస్లింగ్ కావాల, లేబుల్ మీద కాబినెట్ అని గానీ, ఫైన్‌హెర్బ్ (కొంచెం తీపి) అని గానీ ఉండేది. ఓలిగలతో అసలే వద్దు, తీపి తిన్న నోటికి డ్రై వైన్ నిమ్మరసమైపోతుంది.

నాటుకోడి పులుసు, సంగటి కాంబినేషన్‌కు కారం సగానికి తగ్గిస్తే ఓకే. తగ్గించని కడప ఇంట్లో మజ్జిగే మేలు.

బురుజుకాడ (కర్నూలు):
కాబినెట్ అంటే తీపి అని రాసినట్టుంది, అక్కడ చిన్న సవరణ. కాబినెట్, స్పేట్‌లేజ అనేవి కోసేటప్పటికి పండు ఎంత పండిందో చెప్తాయి, సీసాలో తీపి ఎంతుందో కాదు. కాబినెట్ ట్రాకెన్ కూడా దొరుకుతుంది. ఆల్కహాల్ శాతం చూడడం మేలు. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1% ఆల్కహాల్. 8 శాతానికే ఆగిపోయిందంటే పులవని చక్కెర మిగిలినట్టే. 12 దాటితే ఎక్కువగా డ్రైనే.

చల్లదనం గురించి కూడా. గ్లాసులో 8 నుంచి 10 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్ నుంచి తీయగానే 5 దగ్గరుంటుంది, అప్పుడు వాసన ముడుచుకుని పులుపొక్కటే కొడుతుంది. మీ పళ్లు పులవడానికి సగం కారణం అదే. చలికాలం పావుగంట ముందు బయట పెట్టండి, ఎండాకాలం ఐదు నిమిషాలు చాలు. ఒకేసారి 75 మిల్లీలీటర్లకు మించి పోయొద్దు, మన గదిలో గ్లాసు ఇట్టే వెచ్చబడుతుంది. తొందరగా చల్లార్చాలంటే బకెట్‌లో ఐసు సగం, నీళ్లు సగం, గుప్పెడు ఉప్పు. అరగంట లోపే అవుతుంది. ఉత్త ఐసులో ఆలస్యం, ముక్కల మధ్య గాలి ఉంటుంది కాబట్టి. డీప్ ఫ్రీజర్‌లో మరిచిపోతే మైనస్ 5 దాటాక గడ్డకట్టి కార్క్‌ను తన్నేస్తుంది.

పెన్నాకట్ట (అనంతపురం):
పది నిమిషాలు వదిలితే నిమ్మ వాసన వచ్చింది. రెండోదాని కార్క్ కూడా లోపలే ఉంది, మట్టం బాగుంది. ఇంకో మాట. మా వైపు థామ్సన్ ద్రాక్ష పందిళ్లు ఉన్నాయి కదా, ఈ రీస్లింగ్ అంటు తెచ్చి పెట్టుకుంటే రాదా?

డాగ్రిడ్జ్_వేరు (అనంతపురం):
తీగ వస్తాది, ఆ వైన్ రాదప్పా.

జర్మనీలో చలికాలంలో తీగ పూర్తిగా నిద్రపోతుంది, కోత సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా, చల్లబడే రోజుల్లో. ఇక్కడ నిద్ర లేదు. అందుకే ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఒక కత్తిరింపు, మొగ్గలు ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ మందు పూత. పండు ఫిబ్రవరి, మార్చిలో, రోజురోజుకూ వేడెక్కే టైంలో పక్వానికొస్తుంది. వేడికి కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని తానే ఖర్చు పెట్టేస్తుంది. చక్కెర ఎక్కుతుంది, పులుపు దిగుతుంది. రీస్లింగ్ వైన్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.0 నుంచి 3.2 మధ్య ఉండాల, ఇక్కడ రసమే 3.5 దాటే ప్రమాదం ఉండాది. టార్టారిక్ ఆమ్లం లీటరుకు ఒకటి రెండు గ్రాములు కలిపి దించొచ్చు గానీ పోయిన వాసన రాదు. పైగా గుత్తికి ఎండ తగిలేకొద్దీ కిరసనాయిలు వాసనకు మూలాలు కాయలోనే పెరుగుతాయి, ఏళ్లు ఆగకుండానే ఆ వాసన వచ్చేస్తుంది.

ఇంకొకటి, రీస్లింగ్ గుత్తి చిన్నది, కాయ కాయకు సందు ఉండదు. కోత ముందు ఒక్క వాన పడితే లోపల్నుంచి కుళ్లు. థామ్సన్ మాదిరి జిబ్బరెల్లిక్ ఆమ్లం (పెరుగుదల మందు) ఇచ్చి గుత్తి సాగదీసే అలవాటుతో దీన్ని చూడొద్దు.

అనంతపురం ఎత్తు 335 మీటర్లు. బెంగళూరు పీఠభూమి 900 దాటుతుంది, అక్కడ నంది కొండల కింద వేసినవాళ్లు కూడా తెల్లవైన్‌కు సావిన్యాన్ బ్లాంక్, వియోన్యే అనే ద్రాక్షల వైపు పోయినారు. సరదాకు నాలుగు తీగలు పెట్టాలనుంటే డాగ్రిడ్జ్ అనే వేరు మొక్క మీద అంటు కట్టించుకో, మన ఉప్పునీళ్లకు అదే తట్టుకుంటుంది. గుత్తుల పడమటి వైపు ఆకులు తీయొద్దు.

సంగటిముద్ద (కడప):
తెరిచిన సీసా మాట ఎవరూ చెప్పలే. మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టు, మూడు నాలుగు రోజులు బాగుంటుంది. తర్వాత మిగిలింది చేపల పులుసులో పోయొచ్చు: కిలో చేపకు 100 మిల్లీలీటర్లు, చింతపండు ఆ మేరకు తగ్గించు, చేప ముక్కలు వేయకముందే పోసి ఐదు నిమిషాలు బాగా ఉడకనీ.