దర్భ, కుశ, రెల్లు: ఒక గడ్డా, మూడు గడ్లా?

బ్రాడీపేట, గుంటూరు:
అమరకోశంలో ‘అస్త్రీ కుశం కుథో దర్భః పవిత్రమ్’ అని నాలుగు మాటలూ ఒకే గడ్డికి పేర్లుగా ఉన్నాయి. సుశ్రుతుడి వైద్యగ్రంథంలో తృణపంచమూలం, అంటే అయిదు గడ్ల వేళ్ల మందు, చెప్పేచోట మాత్రం కుశ, కాశ, నల, దర్భ, కాండేక్షుక అని కుశనీ దర్భనీ వేరువేరుగా లెక్కపెట్టారు. ఒకటే అయితే అయిదు కాస్తా నాలుగవుతుంది. మన వాడుకలో దర్భ అనడమే తప్ప కుశ అనేవాళ్లు లేరు, పైగా రెల్లుని కూడా దర్భ అనేస్తున్నారు. ఇంతకీ కుశాగ్రబుద్ధిలో ఉన్నది ఏ గడ్డి? దీని మీద ఒక వ్యాసం దిద్దుతున్నాను, మొక్క గుర్తులతో సహా చెప్పగలరా?

బాపట్ల:
ముందు మొక్కలు తేల్చుకుంటే మాటలు వాటంతటవే తేలతాయండి.

కుశ అంటే డెస్మోస్టాకియా బైపిన్నాటా. ఏళ్ల తరబడి బతికే గడ్డి, దుబ్బుగా పెరుగుతుంది. ఈజిప్టు, అరేబియా ఎడారుల నుంచి రాజస్థాన్ మీదుగా మన దాకా ఉంది. ఇసుకైనా చవుడైనా దానికి లెక్కలేదు. పైన ఎండినా, మేకలు కొరికేసినా, నేలలో లావుపాటి దుంపవేరు ఉంటుంది కాబట్టి తడి తగలగానే మళ్లీ పిలకలు వేస్తుంది. పొలంలో పడితే వదలకపోవడానికి కారణం అదే: దున్నితే దుంపవేరు ముక్కలవుతుంది, ముక్కకొక దుబ్బు లేస్తుంది. ఆకు బిరుసు, అంచు రంపం. ఎండితే లోపలికి చుట్టుకుపోయి కొస సూదిలా తేలుతుంది. కంకి నిటారుగా, సన్నగా, గోధుమరంగులో ఉంటుంది. దూది ఉండదు.

వైద్యులు దర్భ అనేది ఎక్కువగా ఇంపరేటా సిలిండ్రికాని. ఆకు బల్లపరుపుగా ఉంటుంది, నడిమి ఈనె తెల్లగా కనిపిస్తుంది. కంకి తెల్లటి పట్టుకుచ్చులా ఉంటుంది. నేలలోని దుంపవేరు కొస ఎంత వాడి అంటే పక్క మొక్కల వేళ్లలోకి గుచ్చుకుపోతుంది.

రెల్లు, అంటే సంస్కృతంలో కాశ, శాకరం స్పాంటేనియం. పాత రాతలో ఱెల్లు. ఇది మనిషి ఎత్తు దాటుతుంది, కాండానికి చెరకులాగా కణుపులుంటాయి. వానలు వెనకబట్టాక కృష్ణ లంకల్లో తెల్లగా విరబూసేది ఇదే. చెరకుకి దగ్గరి చుట్టం. కోయంబత్తూరులో పుట్టి 1918లో రైతులకందిన సీఓ 205 చెరకు ఒకవైపు రెల్లు సంతానమే. అమరసింహుడు కాశానికి ‘ఇక్షుగంధా’ (చెరకు వాసన గలది) అని ఇంకో పేరు చెప్పాడు చూడండి, ఆయనకి ఈ చుట్టరికం ముక్కుకి అందినట్టుంది.

కంకి లేనప్పుడు అంచుతో పరీక్షించండి. ఆకుని రెండు వేళ్ల మధ్య పట్టి మొదలు నుంచి కొసకి నడిపితే కుశ జారిపోతుంది. కొస నుంచి వెనక్కి లాగితే కోస్తుంది. పళ్లన్నీ కొసవైపు వాలి ఉంటాయి కనక అలా. నెమ్మదిగా చెయ్యండి, రక్తం వస్తుంది.

సత్యనారాయణపురం, విజయవాడ:
బాపట్ల వారు చెప్పిన ఆ కోత మీదే ‘కుశల’ అన్న మాట నిలబడింది. ‘కుశాన్ లాతి’, అంటే కుశలు తెచ్చేవాడు. చెయ్యి తెగకుండా కోసి తేవాలంటే ఒడుపు కావాలి, ఆ ఒడుపే నేర్పు అన్న అర్థమైంది, నేర్పు కాస్తా క్షేమమైంది. అలంకారశాస్త్రంలో మమ్మటుడు ‘కర్మణి కుశలః’ (పనిలో నేర్పరి) అన్నదాన్ని రూఢిలక్షణకి, అంటే అసలు అర్థం వదిలి వాడుకతో స్థిరపడిన అర్థానికి, ఉదాహరణగా తీసుకున్నాడు. తర్వాతి ఆలంకారికుడు విశ్వనాథుడు ఒప్పుకోలేదు: వ్యుత్పత్తి వేరు, వాడుక వేరు, నేర్పరి అన్నదే ముఖ్యార్థమైనప్పుడు లక్షణ ఎందుకు అని. నా ఓటు విశ్వనాథుడికే. ‘కుశలమా?’ అని అడిగేవాళ్లలో గడ్డిని తలుచుకునేది ఎవరు?

దర్భ అన్న మాటకి రెండు దారులున్నాయి. ‘దృభీ గ్రంథే’ అన్న ధాతువు నుంచి తీస్తే అల్లేది, గుచ్చేది. ఉణాది అనే వ్యాకరణ సూత్రాల్లో ‘దౄ’ నుంచి తీస్తారు, అప్పుడు చీల్చేది. విచిత్రంగా గడ్డి రెండిటికీ సరిపోతుంది: తాడుగా అల్లుతాం, వేలిని చీలుస్తుంది.

పవిత్రం అన్న మాటతోనూ జాగ్రత్త. ‘పూ’ ధాతువు, శుద్ధి చేసేది. యజ్ఞంలో పవిత్రం అంటే మొదట ఉంగరం కాదు, నీళ్లనీ నేతినీ శుద్ధి చేసే రెండు పోచలు. లక్షణశ్లోకం ఇది:

అనంతర్గర్భిణం సాగ్రం కౌశం ద్విదలమేవ చ
ప్రాదేశమాత్రం విజ్ఞేయం పవిత్రం యత్ర కుత్రచిత్

లోపల మొలక లేనివి, కొస విరగనివి, కుశవి, రెండు దళాలు, బొటనవేలు చూపుడువేలు చాపినంత పొడవు. ‘కౌశం’ అని పేరు పెట్టి అడగడం గమనించండి. వేలికి పెట్టుకునేది దీన్నుంచి వచ్చిన రెండో అర్థం.

కొత్తపేట, గుంటూరు:
వైద్యం సంగతి నేను చెబుతాను. అయిదింటి పేరులో ‘మూలం’ ఉంది, అంటే వాడేది వేరు. పూజాసామాను కొట్లో దొరికే దర్భకట్టలో వేరు ఉండదు, ఆకులే. ఆ కట్ట మరగబెడితే గడ్డినీళ్లు తప్ప కషాయం రాదు. సుశ్రుతుడు దీన్ని పాలతో ఇమ్మన్నది మూత్రదోషాలకీ రక్తపిత్తానికీ, అంటే రక్తం కారే జబ్బుకీ. పాలతో కాచే లెక్క క్షీరపాకం: నలగ్గొట్టిన వేళ్లు ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీళ్లు ముప్పైరెండు వంతులు పోసి, నీరంతా ఇగిరి పాలు మిగిలేదాకా సన్నటి సెగ మీద కాయాలి. మంట పెద్దదైతే నీరు ఇగరకముందే పాలు అడుగంటుతాయి. ఉత్త కషాయానికైతే పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాస్తారు. లెక్క తెలిసింది కదా అని ఇంట్లో మొదలుపెట్టకండి. మూత్రంలో రక్తం పడుతుంటే ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

అసలు ప్రశ్నకి నా జవాబు: అమరుడు చెప్పింది కవులకి పనికొచ్చే పర్యాయపదాలు, సుశ్రుతుడు చెప్పింది తవ్వుకు రావలసిన మొక్కలు. పని వేరైతే లెక్కా వేరు. వ్యాసంలో రెండూ కలిపేస్తేనే చిక్కు.

బ్రాడీపేట, గుంటూరు:
చాలా సంతోషమండీ. ఇంకొక్కటి. వేలి పవిత్రానికి పోచలెన్ని, కొలతలేమిటి? ఉపనయనంలో మౌంజి (ముంజగడ్డి మొలతాడు) అంటాం గానీ కట్టేది దర్భతాడే, దానికి ఆధారం ఉందా?

సత్యనారాయణపురం, విజయవాడ:
వాడుకలో ప్రేతకార్యానికి ఒకటి, శుభానికి రెండు, పితృకార్యానికి మూడు. ముడి ఒక అంగుళం, ముడి దాటిన కొస నాలుగు అంగుళాలు. అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు, వేలి వెడల్పు. ఇక్కడ పొరబడితే కొస దాదాపు మూడోవంతు పెరిగిపోతుంది.

ఎండు పోచని అలాగే మెలిపెడితే ముడి దగ్గర పుటుక్కున విరుగుతుంది. ముందు నీళ్లు చల్లి తడిగుడ్డలో కాసేపు ఉంచండి. అలాగని నానబెట్టిన కట్టని తిరిగి మూటగట్టి దాచకండి, రెండ్రోజుల్లో బూజు పడుతుంది. దాచేది ఆరినదై ఉండాలి, అదీ నీడన ఆరింది. మండుటెండలో ఎండింది పెళుసెక్కి, హోమం చుట్టూ పరిచేటప్పుడే (పరిస్తరణం) సగం కొసలు రాలిపోతాయి. కొస లేని పోచ ఇక ‘సాగ్రం’ కాదు. మన పోలాల అమావాస్యకే కుశగ్రహణి అని ఇంకో పేరు, ఆ రోజు కోసింది ఏడాదంతా పనికొస్తుందని నియమం.

మౌంజికి ఆధారం మనువే ఇచ్చాడు. ముంజ దొరకనప్పుడు ‘కుశాశ్మంతకబల్వజైః’ (కుశ, అశ్మంతకం, బల్వజాలతో) అన్నాడు. కుశతో చెయ్యవచ్చు, పేరు మాత్రం మౌంజీగానే ఉండిపోయింది. మూడు పేటలు కావాలి. ఒక్కో పేటని ఒకవైపు పురిపెట్టి, మూడిటినీ కలిపేటప్పుడు ఎదురువైపు తిప్పాలి. అన్నీ ఒకేవైపు తిప్పితే చెయ్యి వదలగానే పురి విడిపోతుంది, వటువు నడుముకి కట్టేలోపే తాడు గడ్డిపోచలవుతుంది.

బాపట్ల:
కుశాగ్రబుద్ధి మిగిలిపోయింది. చుట్టుకుపోయి సూదిలా తేలే ఆకుకొస డెస్మోస్టాకియాది, కాబట్టి నేను దానికే వేస్తాను. రఘువంశంలో రఘు మహారాజు కౌత్సుడనే శిష్యుణ్ణి ‘మీ గురువు కుశలమా’ అని పలకరించిన ‘కుశాగ్రబుద్ధే కుశలీ గురుస్తే’లో కాళిదాసు కొసనీ కోతనీ ఒక్క పాదంలో పెట్టేశాడు. రెల్లు కొసతో ఎవరూ బుద్ధిని పోల్చలేదు, పాపం అది పూలతోనే సరిపెట్టుకుంది.

కొత్తపేట, గుంటూరు:
వ్యాసం దిద్దుతున్నట్టయితే రాత కూడా చూడండి. కొట్ల బోర్డుల మీద ‘దర్బ’ అనీ పెళ్లి పుస్తకాల్లో ‘ధర్భ’ అనీ కనబడుతోంది. మొదటిది వత్తు మింగడం. రెండోది తమిళులు ఇంగ్లిషు అక్షరాల్లో ‘ద’కి హెచ్ చేర్చి రాసేదాన్ని చూసి మనవాళ్లు తిరిగి తెలుగులోకి ఎక్కించింది కావచ్చు. సంస్కృత ధాతువుకి ముందూ వెనకా రెండు వత్తక్షరాలు ఉండవు. భ ఉన్నచోట ముందు ద మాత్రమే: దృభ్, దర్భ.