వాట్సాప్ గ్రూపులు, టీమ్స్ చాట్లు, పాత లాప్‌టాప్: సివిల్ కేసులో ఈ-డిస్కవరీకి ముందు ఏం చేయాలి?

డల్లాస్_గోదారోడు:
అందరికీ నమస్తే. డల్లాస్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీ మాది, డెలివరీ టీమ్ అంతా హైదరాబాద్‌లో ఉంటుంది, ఇక్కడ ఐటీ, ఆపరేషన్స్ రెండూ నేనే చూస్తా. మాకు సబ్‌కాంట్రాక్టర్‌గా పనిచేసిన ఒక కంపెనీ ఇన్‌వాయిసులు ఎగ్గొట్టారంటూ ఫెడరల్ కోర్టులో సివిల్ కేసు వేసింది. మా లాయర్ లిటిగేషన్ హోల్డ్ లెటర్ పంపి ఏదీ డిలీట్ చేయొద్దన్నారు, రెండు వారాల్లో అవతలి లాయర్లతో రూల్ 26ఎఫ్ మీటింగ్ (ఎవరు ఏ డేటా ఎలా ఇవ్వాలో మాట్లాడుకునేది) అట, ఈ-డిస్కవరీ, అంటే మెయిల్స్, చాట్స్ లాంటి డేటా రెండు పక్షాలూ ఒకరికొకరు ఇచ్చుకోవడం కోసం, ఈలోపు మీ డేటా ఎక్కడెక్కడ ఉందో లిస్టు ఇవ్వమన్నారు. రాద్దామని కూర్చుంటే సగం పని వాట్సాప్ గ్రూపుల్లోనే నడిచిందని తేలింది, ఒక గ్రూపులో 90 రోజుల డిసప్పియరింగ్ (మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్) ఆన్‌లో ఉంది, టీమ్స్ చాట్‌కి 30 రోజుల రిటెన్షన్ ఉంది, ఆ తర్వాత పోతాయి, ఈ ప్రాజెక్టు చూసిన మేనేజర్ ఈమధ్యే రిజైన్ చేశాడు, అతని లాప్‌టాప్ ఫార్మాట్ చేసి కొత్తగా చేరేవాళ్లకి ఇవ్వడానికి రెడీగా ఉంది. అవతలివాళ్లేమో 2019 నుంచి మెయిల్స్, చాట్స్ "అన్నీ" కావాలంటున్నారు. అన్నీ ఇస్తూ పోతే వాళ్లడిగే డబ్బు కంటే మాకు ఖర్చే ఎక్కువయ్యేలా ఉంది. తెలిసినవాళ్లు దారి చెప్పండి ప్లీజ్.

జెర్సీ_పారాలీగల్:
అన్నిటికన్నా ముందు ఆ లాప్‌టాప్ ఫార్మాట్ ఆపించండి. ఇవాళే. దాన్ని ఆన్ చేసి లోపల ఏముందో చూద్దామని కూడా అనుకోవద్దు, ఫైళ్లు తెరిచినా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసినా తేదీలు మారిపోతాయి, రేపు ఈ ఫైల్ ఎప్పుడు తయారైందని అడిగితే చెప్పడానికి ఏమీ మిగలదు. సీరియల్ నంబరు, ఎవరి దగ్గర్నుంచి ఏ రోజు తీసుకున్నారో రాసి తాళం వేసి పెట్టండి, ఫోరెన్సిక్ ఇమేజ్ (డ్రైవ్ మొత్తానికి ఉన్నదున్నట్టు కాపీ) తీయాలా వద్దా అనేది లాయర్ చెప్తారు. మెయిల్స్ కూడా మీరే లాయర్‌కి ఫార్వర్డ్ చేయొద్దు, ఫార్వర్డ్ చేస్తే అది కొత్త మెయిల్ అయిపోతుంది, అసలు హెడర్ (ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందనే వివరాలు) అందులో ఉండదు.

టీమ్స్ సంగతి. పర్‌వ్యూలో (మైక్రోసాఫ్ట్ అడ్మిన్ టూల్) మెయిల్‌బాక్స్ మీద హోల్డ్, అంటే ఏదీ చెరగకుండా ఆపే సెట్టింగ్, పెడితే ఆ మనిషి వన్-టు-వన్ చాట్లు, గ్రూప్ చాట్లు ఆగుతాయి, కానీ చానెల్‌లో రాసుకున్నవి ఆ టీమ్ తాలూకు గ్రూప్ మెయిల్‌బాక్స్‌లో ఉంటాయి, షేర్ చేసిన ఫైళ్లేమో వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్‌లో ఉంటాయి, అన్నిటికీ విడివిడిగా హోల్డ్ పెట్టాలి. పెట్టగానే పనిచేయదు, 24 గంటల దాకా పట్టొచ్చు. రిజైన్ చేసినతని అకౌంట్ డిలీట్ అయిందేమో చూడండి, అయ్యి 30 రోజులు దాటకపోతే వెనక్కి తేవచ్చు.

ఆ డిసప్పియరింగ్ గ్రూపే నాకు ఎక్కువ భయంగా ఉంది. సెట్టింగ్ ఆఫ్ చేస్తే ఇకమీదట వచ్చే మెసేజ్‌లే ఉంటాయి, ఇప్పటికే టైమర్‌తో పంపినవి వాటి గడువు రాగానే పోతూనే ఉంటాయి. అందుకే ఆఫ్ చేయించి ఊరుకోకుండా, గ్రూపులో ముఖ్యమైన ఒకరిద్దరి ఫోన్లు ఈ వారంలోనే ఫోరెన్సిక్ వెండర్‌తో కాపీ తీయించండి.

ఆస్టిన్_రవళి:
అంత హడావిడి అవసరమా అండి? వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ ఉంది కదా, టెక్స్ట్ ఫైల్ వస్తుంది, కావాలంటే స్క్రీన్‌షాట్లు పెట్టొచ్చు. చిన్న కేసుకి ఫోరెన్సిక్ అంటే వేలల్లో బిల్లు.

జెర్సీ_పారాలీగల్:
రవళి గారూ, ఖర్చు గురించి మీరన్నది నిజమే, అవతలివాళ్లు ఒప్పుకుంటే ఎక్స్‌పోర్ట్ కూడా సరిపోతుంది. కానీ ఆ ఒప్పందం 26ఎఫ్ మీటింగులో కాగితం మీద ఉండాలి. ఎక్స్‌పోర్ట్ చేసిన టెక్స్ట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా మార్చొచ్చు, రేపు "మధ్యలో నాలుగు లైన్లు లేవు" అంటే మన దగ్గర జవాబు ఉండదు. 2017లో వచ్చిన ఎవిడెన్స్ రూల్ 902(14) ప్రకారం హ్యాష్ విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి నంబరు) సరిపోల్చి సర్టిఫికెట్ ఇస్తే కాపీ అసలైనదేనని చెప్పడానికి సాధారణంగా సాక్షిని పిలవక్కర్లేదు, స్క్రీన్‌షాట్‌తో ఆ వెసులుబాటు రాదు. చాట్లను తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయండి. గూగుల్ ప్లే స్టోర్ కేసులో చాట్లు 24 గంటల్లో వాటంతటవే చెరిగిపోయేలా వదిలేశారని 2023లో జడ్జి డొనాటో గూగుల్‌నే తప్పుపట్టారు.

హైటెక్‌సిటీ_రివ్యూయర్:
నేను హైదరాబాద్‌లో అమెరికా కేసుల డాక్యుమెంట్ రివ్యూ చేస్తా. డబ్బు ఎక్కడికి పోతుందో చెప్తా. రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2012లో చేసిన స్టడీలో డాక్యుమెంట్ ప్రొడక్షన్‌కి (అవతలివాళ్లకి డాక్యుమెంట్లు ఇవ్వడానికి) అయ్యే ప్రతి డాలర్‌లో దాదాపు 73 సెంట్లు రివ్యూకే పోయాయి, అంటే మనుషులు కూర్చుని చదవడానికి. అందుకే చదవాల్సిన కుప్ప ఎంత తగ్గితే ఖర్చు అంత తగ్గుతుంది. 2019 నుంచి అన్నీ అంటే ఒప్పుకోవద్దు, కాంట్రాక్టు సంతకం దగ్గర్నుంచి కేసు పడిన తేదీ దాకా అనండి, అందర్నీ కాకుండా ఇన్‌వాయిసులు చూసినవాళ్లు, ప్రాజెక్టు నడిపినవాళ్లు అని పేర్లు ఫిక్స్ చేయండి.

సెర్చ్ టర్మ్స్ (డాక్యుమెంట్లు వెతకడానికి వాడే మాటలు) ఒప్పుకునే ముందు హిట్ రిపోర్టు, అంటే ఏ మాటకి ఎన్ని డాక్యుమెంట్లు దొరుకుతాయో చెప్పే లిస్టు, తప్పకుండా అడగండి. ఓ కేసులో "కాన్ఫిడెన్షియల్" అనే మాట పెట్టారు, ప్రతి మెయిల్ అడుగున ఉండే డిస్‌క్లెయిమర్‌లో ఆ మాట ఉంది, మొత్తం మెయిల్‌బాక్స్ రివ్యూకి వచ్చి పడింది.

మన వాళ్ల చాట్లలో ఇంకో చిక్కు ఉంది, దీని గురించి అమెరికా లాయర్లకి ఎవరూ చెప్పరు. వాట్సాప్‌లో మనం తెలుగు ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతాం కదా. "పేమెంట్ ఆపెయ్" అనే మాటని ఒకరు ఒక పి పెట్టి రాస్తారు, ఒకరు రెండు పెడతారు, ఒకరు చివర వై తీసేస్తారు. ఇంగ్లీష్ సెర్చ్ టర్మ్స్‌కి ఇవేవీ దొరకవు, కేసులో అసలు కీలకమైన మాట అదే అయి ఉంటుంది! వాయిస్ నోట్లైతే సెర్చ్‌కి అసలు కనిపించవు. కాబట్టి ఆ గ్రూపుల వరకు సెర్చ్ మీద ఆధారపడొద్దు, తేదీల ప్రకారం విడగొట్టి తెలుగు వచ్చినవాళ్లతో చదివించమని లాయర్‌కి ఇప్పుడే చెప్పండి. తర్వాత తెలిస్తే రివ్యూ మళ్లీ మొదటికొస్తుంది.

డల్లాస్_గోదారోడు:
చాలా థాంక్స్ అండి, లాప్‌టాప్ లాకర్‌లో పెట్టించా, హోల్డ్స్ పెడుతున్నా. రెండు డౌట్లు. హైదరాబాద్ వాళ్ల పర్సనల్ ఫోన్లు కూడా మేమే ఇవ్వాలా? ఇప్పటికే చెరిగిపోయిన మెసేజ్‌ల వల్ల కేసు ఓడిపోతామా?

జెర్సీ_పారాలీగల్:
ఫోన్ల విషయంలో కోర్టులన్నీ ఒక్క మాట మీద లేవు. కంపెనీకి ఆ డేటా మీద "కంట్రోల్" ఉందా అనేదే ప్రశ్న, మీ పాలసీలో ఏం రాసుకున్నారు, ఆ ఫోన్‌లో కంపెనీ పని ఎంత నడిచింది అనేవి చూస్తారు. డేటా ఇండియాలో ఉంది కాబట్టి ఇవ్వం అంటే మాత్రం నడవదు. వాళ్లకి కూడా హోల్డ్ నోటీసు రాతపూర్వకంగా పంపండి, అందిందని రిప్లై తీసుకోండి.

రెండోదానికి 2015లో మార్చిన రూల్ 37ఈ చూడండి. కేసు వస్తుందని తెలిశాక భద్రపరచాల్సినది, తగిన జాగ్రత్త తీసుకోనందువల్ల పోయి, ఇంకెక్కడా దొరకనప్పుడే ఆ రూల్ వర్తిస్తుంది. అదే గ్రూపులో ఉన్న ఇంకొకరి ఫోన్‌లో ఆ మెసేజ్ దొరికితే చాలా వరకు గండం గడిచినట్టే. అవతలివాళ్లకి నష్టం జరిగితే దాన్ని సరిచేసే మేరకే కోర్టు చర్య తీసుకుంటుంది. పోయినదాంట్లో మీకు వ్యతిరేకమైనదే ఉందనుకోండి అని జ్యూరీకి చెప్పడం, ఏకంగా కేసే తేల్చేయడం లాంటివి, అవతలివాళ్లకి దక్కకూడదనే ఉద్దేశంతో పోగొట్టారని తేలితేనే. అందుకే ఎవరు ఏ రోజు ఏ హోల్డ్ పెట్టారో ఒక ఎక్సెల్‌లో రాసుకుంటూ వెళ్లండి.

ఇంకొకటి మర్చిపోయా, లాయర్‌ని ఎవిడెన్స్ రూల్ 502డీ కింద ఆర్డర్ కోర్టుని అడగమనండి. వేల డాక్యుమెంట్లలో మీకూ లాయర్‌కీ మధ్య నడిచిన మెయిల్ ఒకటి పొరపాటున అవతలివాళ్లకి వెళ్లినా, ఆ ఆర్డర్ ఉంటే ప్రివిలేజ్ (లాయర్‌తో మాటలు రహస్యంగా ఉంచుకునే హక్కు) పోదు, వెనక్కి ఇమ్మని అడగొచ్చు. 26ఎఫ్ మీటింగులోనే ఈ మాట ఎత్తితే అవతలివాళ్లు కూడా మామూలుగా ఒప్పుకుంటారు, వాళ్లకీ అదే భయం ఉంటుంది కదా.