నైసీయా సభలో ఓటేసి యేసును దేవుణ్ణి చేశారా? తేదీలతో, వచనాలతో సమాధానం కావాలి

యువకూటం_పాఠం

అందరికీ వందనాలు. యవ్వనస్థుల కూటానికి గంటసేపు పాఠం సిద్ధం చేస్తున్నాను. అంశం: వాక్యము దేవుడా, దేవుడు కలుగజేసినవాడా. యూట్యూబ్ చర్చల్లో ఒక మాట పదేపదే వినిపిస్తోంది: "325 దాకా యేసు ఒక ప్రవక్తే. కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసీయాలో జరిగిన బిషప్పుల సభలో ఓట్లు వేయించి దేవుణ్ణి చేశాడు, బైబిల్లో ఏ పుస్తకాలుండాలో కూడా అక్కడే తేల్చారు." ఇందులో నిజమెంత? ఆ సభ తప్పుపట్టిన అరియస్ అసలేమన్నాడు? యోహాను 1:1 చదివి వినిపిస్తే సరిపోతుందా, ఇంకేమైనా చూపించాలా? దయచేసి వివరంగా చెప్పండి.

సంఘచరిత్ర

సరిపోదండి. యోహాను 1:1ని అరియస్ కూడా ఒప్పుకున్నాడు కాబట్టి.

అరియస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ప్రెస్బిటర్, అంటే బిషప్ కింద పనిచేసే సంఘ పెద్ద. 318 ప్రాంతంలో తన బిషప్ అలెగ్జాండర్‌తో విభేదించాడు. తండ్రి ఒక్కడే ఆరంభం లేనివాడని, ఆయన తన చిత్తం చొప్పున కుమారుణ్ణి యుగాలకు ముందే శూన్యంలోంచి కలుగజేశాడని, ఆ కుమారుని ద్వారా మిగతా సృష్టినంతా చేశాడని అతని వాదన. అలెగ్జాండర్‌కు రాసిన ఉత్తరంలో కుమారుణ్ణి "దేవుని పరిపూర్ణ సృష్టి, అయితే సృష్టములలో ఒకదానివలె కాదు" అన్నాడు. నికొమేదియ బిషప్ యూసేబియస్‌కు రాసిన ఉత్తరంలో అదే కుమారుణ్ణి "దేవుడు" అని కూడా పిలిచాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూపించండి. యేసు మామూలు మనిషి, ప్రవక్త అన్నవాళ్లెవరూ నైసీయాలో ఒక పక్షంగా లేరు. లోకం పుట్టకముందే కుమారుడు ఉన్నాడని రెండు పక్షాలూ నమ్మాయి. ఆయన తండ్రిలా నిత్యుడా, లేక మొట్టమొదట కలిగినవాడా అన్నదగ్గరే తగువు.

ఓట్ల సంగతి. సభకు ఎందరు బిషప్పులు వచ్చారన్నదానిపై ఒకే లెక్క లేదు. సభలో కూర్చున్న కైసరయ యూసేబియస్ 250 పైచిలుకు అన్నాడు, తర్వాతి సంప్రదాయం 318 అంది. కుమారుడు సృష్టి కాడన్న సభ విశ్వాస ప్రమాణానికి చివరికి సంతకం పెట్టనన్న బిషప్పులు ఇద్దరే: టోలెమాయిస్ సెకుందుస్, మర్మారికా థియోనాస్. అరియస్‌తో పాటు వాళ్లనూ ప్రవాసం పంపారు. కొద్ది ఓట్ల తేడాతో తేలిందన్న కథ ఇక్కడితో సరి.

బైబిల్ పుస్తకాల ఎంపిక నైసీయా ఎజెండాలోనే లేదు. అక్కడ తేలినవి అరియస్ వివాదం, ఈస్టర్ తేదీ, ఈజిప్టులోని మెలీషియన్ చీలిక, ఇంకా సంఘ క్రమానికి సంబంధించిన 20 నియమాలు. పుస్తకాల కథ 9వ శతాబ్దపు ఒక గ్రీకు గ్రంథం నుంచి పాకింది. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాల జాబితా సరిగ్గా అలాగే కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్, నైసీయా పక్షాన నిలిచిన అతనాసియస్ రాసిన పండుగ లేఖలో.

ఇక 325కి ముందు సాక్ష్యం. నైసీయా ఉన్నది బితూనియలో, నేటి టర్కీలోని ఇజ్నిక్. సరిగ్గా అదే బితూనియకు గవర్నరుగా ఉన్న రోమా అధికారి ప్లీనీ 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడి, దేవునికి పాడినట్టు క్రీస్తుకు పాడుతున్నారని అందులో ఉంది. రాసినవాడు క్రైస్తవుడు కాదు, పైగా వాళ్లను విచారించి శిక్షిస్తున్నవాడు. దాదాపు అదే కాలంలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ ఎఫెసీయులకు రాస్తూ "మన దేవుడైన యేసుక్రీస్తు" అన్నాడు. ఇశ్రాయేలులోని మెగిద్దోలో 2005లో బయటపడ్డ 3వ శతాబ్దపు ప్రార్థనా మందిరపు నేలమీద, ఒక స్త్రీ ఆ బల్లను "దేవుడైన యేసుక్రీస్తుకు" ఇచ్చినట్టు రాళ్లతో పొదిగిన శాసనం ఉంది. పాఠంలో ఈ మూడూ చాలు, ఇంకా పేర్చొద్దు.

బెరయ_పద్ధతి

పై జవాబు చరిత్రకు సరిపోతుంది. పాఠం నడిపే పద్ధతి నేను చెప్తాను.

బోర్డు మీద మూడు గళ్లు గీయండి. మొదటిది: లోకానికి ముందే ఉన్నాడా. రెండోది: దేవుడని పిలవబడ్డాడా. మూడోది: సృష్టింపబడనివాడా. ప్రతి వచనం చదివి, అది ఏ గడిలో పడుతుందో పిల్లలనే అడగండి. యోహాను 1:1 మొదటి రెండు గళ్లలో పడుతుంది. "నా ప్రభువా, నా దేవా" అన్న యోహాను 20:28, హెబ్రీ 1:8 రెండో గడిలో. అరియస్‌తో అసలు పోటీ మూడో గడిలో కాబట్టి అక్కడ బలంగా నిలిచేది యోహాను 1:3: "కలిగియున్నదేదియు ఆయన లేకుండ కలుగలేదు." కలిగినవన్నీ ఆయన ద్వారానే కలిగితే ఆయన కలిగినవాటి జాబితాలో ఉండడు. దీనికి అరియస్ పక్షం జవాబు కూడా పిల్లలకు చెప్పండి: "ఆయన తప్ప మిగతావన్నీ అని అర్థం" అంటారు వాళ్లు. వచనంలో ఆ మినహాయింపు ఉందా అని మళ్లీ చదివించండి. ఇక్కడ 15 నిమిషాలైనా ఆగాలి.

పాఠం చెడేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అన్న యోహాను 10:30ని ఒంటరిగా వాడటం. యోహాను 17:22లో శిష్యుల గురించి కూడా అదే ఏకమై ఉండటం కనిపిస్తుంది. ఎదుటివాడు అది తెరిస్తే మీ వాదన అక్కడే ఆగిపోతుంది. లేదా మీరు తడబడి తండ్రీ కుమారుడూ ఒకే వ్యక్తి అనేస్తారు, అది సబెల్లియస్ బోధ. 10:30ని దాని తర్వాత వచ్చే 31 నుంచి 38 దాకా కలిపే చదవండి.

రెండోది 1 యోహాను 5:7. కింగ్ జేమ్స్ బైబిల్లో పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి గురించిన వాక్యం ఉంటుంది. పాత గ్రీకు ప్రతుల్లో అది లేదు, మన తెలుగు బైబిల్లో లేదు, 4వ శతాబ్దంలో అతనాసియస్ అంతటివాడు కూడా ఈ వాదంలో దాన్ని ఎత్తలేదు. పాఠంలోకి రానీయకండి.

కుమారుడు తండ్రికంటె తక్కువ అన్నట్టు కనిపించే కష్టమైన వచనాలు దాచకండి. యోహాను 14:28, 17:3, మార్కు 13:32, 1 కొరింథీ 15:28 మీరే ముందుగా బోర్డు మీద రాయండి.

మొదటి_ఆజ్ఞ

నేను త్రిత్వం ఒప్పుకోను. అయినా పైన చెప్పిన తేదీలతో నాకు పేచీ లేదు. నైసీయాలో యేసును కొత్తగా దేవుణ్ణి చేశారన్న మాట తప్పే. మా వైపువాళ్లు అది మానుకోవాలి.

కానీ మీరు కూడా అందరూ మొదటినుంచీ నైసీయా ప్రమాణమే నమ్మారని చెప్పొద్దు. తొలి క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ 160 ప్రాంతంలో యూదుడైన ట్రిఫోతో వాదిస్తూ వాక్యాన్ని సంఖ్యలో వేరైన "మరొక దేవుడు" అన్నాడు. పాపం గానీ కుమారుడు గానీ దేవునితో లేని కాలమొకటి ఉందని మరో తొలి క్రైస్తవ రచయిత టెర్టూలియన్, హెర్మోగెనీస్ అనే బోధకునికి వ్యతిరేకంగా రాశాడు. నైసీయా ప్రమాణానికి గుండెకాయ లాంటి "హోమోఊసియోస్", అంటే తండ్రితో ఏకతత్త్వం గలవాడు అన్న మాట, లేఖనాల్లో ఎక్కడా లేదు. అంతియొకయలో 268లో జరిగిన సభ అక్కడి బిషప్ పౌల్ ఆఫ్ సమోసటాను తప్పుబోధకు విచారించిన వ్యవహారంలో ఆ మాటను తోసిపుచ్చింది. ఒక సభ కొట్టేసిన మాటను 57 ఏళ్లకు ఇంకో సభ తప్పనిసరి చేసింది. సంతకం పెట్టనివాళ్లను చక్రవర్తి దేశం దాటించాడు. దీన్ని రాజకీయం కాదనగలరా?

సంఘచరిత్ర

న్యాయమైన అభ్యంతరాలు, పాఠంలో వీటికి చోటివ్వాలి. జస్టిన్, టెర్టూలియన్ మాటలు అలాగే ఉన్నాయి, వాటిని సాగదీసి నైసీయాలోకి తేవడం సరికాదు. అయితే అదే జస్టిన్ కుమారుణ్ణి తండ్రినుంచి పుట్టినవాడన్నాడు, ఒక నిప్పునుంచి ఇంకో నిప్పు అంటించినా మొదటిది తరగనట్టు. శూన్యంలోంచి అనలేదు. అరియస్ కొత్తగా తెచ్చింది అదే.

లేఖనాల్లో లేని మాట ఎందుకు పెట్టారో అతనాసియస్ చెప్పాడు. బిషప్పులు మొదట "దేవునినుండి" వంటి లేఖన పదాలే రాయబోయారు. అరియస్ పక్షంవాళ్లు ఒకరికొకరు కనుసైగలు చేసుకున్నారు, సమస్తమూ దేవునినుండే కలిగిందని 1 కొరింథీ 8:6లో ఉంది కాబట్టి అది సృష్టికీ సరిపోతుందని. ఏ పదం తెచ్చినా తమ అర్థంలో మింగేయగలిగారు, హోమోఊసియోస్ ఒక్కదాన్ని తప్ప.

ఇక చక్రవర్తి చేయి. అది ఉంది, కానీ రెండువైపులా ఆడింది. మూడేళ్లు తిరక్కుండానే కాన్‌స్టంటైన్ మెత్తబడ్డాడు. 337లో మరణశయ్య మీద అతనికి బాప్తిస్మమిచ్చింది అరియస్ స్నేహితుడైన ఆ నికొమేదియ యూసేబియస్సే. కొడుకు కాన్‌స్టాంటియస్ నైసీయాకు వ్యతిరేకి. 357లో సిర్మియం సభలో హోమోఊసియోస్ అన్న మాటనే నిషేధించారు. 359లో అరిమినంలో 400 మంది దాకా బిషప్పులు కూడితే, చివరికి ఒత్తిడి చేసి కుమారుడు తండ్రికి "పోలికగలవాడు" అన్న ప్రమాణానికి సంతకాలు తీసుకున్నారు. అతనాసియస్ ఐదుసార్లు ప్రవాసం పోయాడు, కలిపి 17 ఏళ్లు. రాజాజ్ఞ ఒక్కటే తేల్చేదైతే నైసీయా 360లోనే చచ్చిపోవాలి. 380లో థియొడోసియస్ ఆజ్ఞ నైసీయా పక్షానే వచ్చింది, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ జరిగింది, అదీ దాచక్కర్లేదు. ఆరాధనలో మనం చెప్పే నైసీయా విశ్వాస ప్రమాణం నిజానికి 381 సభ పేరిట వచ్చిన రూపం. పరిశుద్ధాత్మ గురించిన విస్తారమైన భాగం 325 పాఠంలో లేదు.

యువకూటం_పాఠం

చాలా ఉపయోగపడింది. ఒక్క సందేహం. "యెహోవా నన్ను కలుగజేసెను" అన్న సామెతలు 8:22, "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అన్న కొలొస్సయి 1:15 మూడో గడిని కొట్టేయవా? పిల్లలు తప్పకుండా అడుగుతారు.

బెరయ_పద్ధతి

అరియస్ పక్షానికి సామెతలు 8:22 ప్రధాన వచనం, కాబట్టి తయారుగా ఉండాల్సిందే. అక్కడ మాట్లాడే జ్ఞానం క్రీస్తేనని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. అందుకే "అది క్రీస్తు గురించి కాదు" అని ఒక్క మాటతో దాటేస్తే ఆనాటి వాదం పిల్లలకు అర్థం కాదు. అతనాసియస్ ఆ మాటను ఆయన శరీరధారణకు అన్వయించి, మూడు వచనాల తర్వాత "కొండలకు ముందుగా" పుట్టాననే మాటను నిత్య జననానికి అన్వయించాడు. వివరణ కాస్త బిగువుగానే ఉంటుంది, ఆ సంగతి ఒప్పుకునే చెప్పండి. జ్ఞానాన్ని స్త్రీగా చూపే కవిత్వంలోని ఒక క్రియాపదం మీద కుమారుని ఆరంభాన్ని కట్టలేమన్నది నేటి వ్యాఖ్యాతల్లో చాలామంది చెప్పే మాట, అది ఇంకా తేలిక.

కొలొస్సయికి మాత్రం సూటి జవాబుంది. 15వ వచనం దగ్గర ఆపకుండా 16, 17 కూడా చదివించండి: సర్వమూ ఆయనయందు సృజింపబడింది, ఆయన అన్నిటికంటె ముందుగా ఉన్నవాడు. తర్వాత కీర్తన 89:27 తెరవండి. దావీదును దేవుడు జ్యేష్ఠకుమారునిగా చేస్తానంటాడు. దావీదు యెష్షయికి కడగొట్టు కొడుకు, 1 సమూయేలు 16:11. జ్యేష్ఠత్వం అక్కడ పుట్టిన వరుసకు కాదు, హక్కుకూ స్థానానికీ చెప్పినది. ఈ రెండు చోట్లూ కలిపి 10 నిమిషాలు పెట్టుకోండి. సామెతలు 8 ముందు, కొలొస్సయి తర్వాత. తిరగేస్తే తేలికైనది ముందు అయిపోయి, చివరి నిమిషాల్లో కష్టమైనది మీద పడుతుంది.