‘శుశ్రూష’ గుర్తుండేదెలా?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో రూమ్ తీసుకుని డీఎస్సీకి చదువుతున్నా. శుశ్రూష, జిజ్ఞాస, ముముక్షువు... రాత్రి బట్టీ పడితే తెల్లారేసరికి హుళక్కి. మూలం తెలిస్తే గుర్తుంటాయా అండీ?

జవాబు: ఉంటాయి. సంస్కృతంలో కోరిక చెప్పాలంటే ధాతువు (క్రియకు మూలరూపం) తొలి హల్లును రెట్టించి, చివర ‘స’ చేరుస్తారు. జ్ఞా అంటే తెలుసుకోవడం, జిజ్ఞాస తెలుసుకోవాలనే కోరిక. పా తాగడం, పిపాస దాహం. శ్రు వినడం, కాబట్టి శుశ్రూష అసలు వినాలనే కోరిక! గురువు మాట వినేవాడే సేవా చేస్తాడుగా, ఆ అర్థమే మనకు మిగిలింది. ‘రోగికి శుశ్రూష’ అని వాడతాం.

ఇంకొకరు: బుభుక్ష కూడా అంతే, తినాలనే కోరిక, అంటే ఆకలి; భుజ్ ధాతువు. మధ్యాహ్నం రెండింటికి బ్రాడీపేట మెస్ ముందు లైన్లో నిలబడు తమ్ముడూ, జన్మలో మర్చిపోవు.

ప్రశ్నించినవారు: అయితే ముముక్షువుకి ముచ్, విడిపించడం; అంటే మోక్షం కోరేవాడు. మరి చికిత్స?

జవాబు: కిత్. రూపం అదే గానీ అందులో కోరిక లేదు. మీమాంస కూడా ఆ బాపతే.