మాయ (ప్లాసెంటా)లోని సన్న రక్తనాళాల్లోకి బేరియం వెళ్లడం లేదు, ఏం చేయాలి?

విశాఖపట్నంలో పాథాలజీ పీజీ చేస్తున్నాను. బీపీ వచ్చిన గర్భిణుల మాయలో రక్తనాళాల అల్లిక ఎలా మారుతుందో ఎక్స్‌రేలో చూడాలని, బేరియం, జెలటిన్ కలిపి బొడ్డుతాడు ధమనిలోకి ఎక్కిస్తున్నాను. పైకి కనిపించే పెద్ద నాళాలు చక్కగా నిండుతున్నాయి. లోపలి సన్న కొమ్మలు మాత్రం ఖాళీ.

కాన్పయిన 40 నిమిషాల్లోపే మొదలుపెడుతున్నాను. ముందు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) కలిపిన సెలైన్‌తో 10 నిమిషాలు కడిగాను, అది గది వేడిలో ఉన్నదే. జెలటిన్ గడ్డకట్టకుండా 40 డిగ్రీల దగ్గర ఉంచాను. ఒత్తిడి పెంచి చూస్తే నాళం చిట్లింది. బొడ్డుతాడులోని రెండు ధమనులూ తాడు మాయకు అతుక్కునే చోటి దగ్గర సాధారణంగా కలుస్తాయి కదా అని ఒకదాంట్లోనే ఎక్కించాను. ఆరింటిలో నాలుగు ఇలాగే పాడయ్యాయి. తల్లులు నమ్మి ఇచ్చినవి, చాలా బాధగా ఉంది.

ఈ పని చేసినవాళ్లు చెప్పండి: సెలైన్‌ను కూడా 37 డిగ్రీలకు వేడిచేసి, సిరలోంచి రంగులేని నీళ్లు వచ్చేదాకా కడిగితే సన్న కొమ్మలు నిండుతాయా?