గోడపత్రికలో ఏ తేదీ ముందు?

జయనగర్_జాజి:
మా బెంగళూరు క్యాంపస్‌లో ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులకి ఏ హక్కు ఎప్పుడొచ్చిందో గోడపత్రిక వేస్తున్నాం. ఏ తేదీలు పెట్టాలి? పేరు మార్పు, హాస్టలు, కౌన్సెలింగు గురించి కూడా చెప్పండి.

కిట్టు_కేఆర్‌పురం:
ఆలోచించేదేముంది? 2018 సెప్టెంబరు 6, స్వలింగ సంబంధం నేరం కాదన్న సుప్రీంకోర్టు 377 సెక్షన్ తీర్పు. పెద్దక్షరాల్లో.

లాపాయింటు:
అందరూ అక్కడే మొదలెడతారు. దరఖాస్తులో ఆడ, మగ పక్కన మూడో గడికి మూలం 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్లని మూడో లింగంగా సుప్రీంకోర్టు గుర్తించిన నల్సా తీర్పు. ర్యాగింగ్ నిర్వచనంలో ట్రాన్స్‌జెండర్, లైంగిక ధోరణి అన్న మాటలు యూజీసీ చేర్చింది 2016లో. 377 ఇంకా బతికుండగానే! ముందు అది రాయండి.

కిట్టు_కేఆర్‌పురం:
నెత్తిమీద నేరం వేలాడుతుంటే ఆ ఫిర్యాదు ఎవరిస్తారు సార్? కాగితం మీద ముద్దపప్పు.

లాపాయింటు:
రాయడం తెలిస్తే పనికొస్తుంది. ఊరికే "వేధించారు" అంటే వార్డెన్ దాన్ని పిల్లల గొడవ కింద చుట్టేస్తాడు. "యూజీసీ ర్యాగింగ్ నిబంధనల 2016 మూడో సవరణ ప్రకారం" అని రాసి చూడండి.

గోంగూర_మెస్:
అదే వాక్యంలో భాష, ప్రాంతం కూడా ఉన్నాయండోయ్. తెలుగువాళ్ళని "గొల్టి" అన్నా ర్యాగింగే!

ఫైలక్క:
పేరు మార్పు ఎవరూ ముట్టుకోలేదు. ఈ ఫైళ్ళు నడపడం నా పని కాబట్టి వినండి. 2020 ట్రాన్స్‌జెండర్ నియమాల్లో దారి ఇదీ: నేషనల్ పోర్టల్లో దరఖాస్తు, అఫిడవిట్, 30 రోజుల్లో డీసీ (మన కలెక్టరు) ఇచ్చే ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్. పెట్టే రోజున తాజా నియమం పోర్టల్లో చూసుకోండి. సర్టిఫికెట్ రాగానే కాలేజీకి పరుగెత్తకండి. యూనివర్సిటీ పేరెక్కించుకునేది టెన్త్ మెమో చూసి. మనవాళ్ళ మెమో హైదరాబాదుదో విజయవాడదో అయ్యుంటుంది. ముందు ఆ బోర్డు, తర్వాత ఇంటరు, ఆఖర్న రిజిస్ట్రారు. ఐడీ కార్డొక్కటే మారిస్తే హాల్‌టికెట్ పాత పేరుతో వస్తుంది, ఇన్విజిలేటరు గుమ్మంలోనే ఆపుతాడు.

కిట్టు_కేఆర్‌పురం:
15 రోజుల్లో మార్చాలని చట్టంలో ఉందిగా?

ఫైలక్క:
చట్టంలో కాదు, నియమాల్లో. ఆ పేజీ ప్రింటు తీసి దరఖాస్తుకి పిన్ను కొట్టండి. లేకపోతే గుమస్తా "మాకు సర్క్యులర్ రాలేదు" అంటాడు.

చార్మినార్_చాయ్:
మా హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్‌లో 2015లోనే పట్టా మీద మిస్టరూ మిస్సూ కాకుండా "ఎం.ఎక్స్." అని ఇచ్చారు. 2022లో ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులకి హాస్టలు కింది అంతస్తు కేటాయించారు.

కిట్టు_కేఆర్‌పురం:
హైదరాబాద్ డప్పు ఇక్కడెందుకు? అడిగింది బెంగళూరు.

చార్మినార్_చాయ్:
బెంగళూరా? ట్రాన్స్ విద్యార్థులకి 0.5 శాతం సీట్లివ్వమని 2024 డిసెంబరులో మీ నేషనల్ లా స్కూలుకి కర్ణాటక హైకోర్టు చెప్పాల్సొచ్చింది. అదీ రాయండి మరి.

జయనగర్_జాజి:
కౌన్సెలింగు...?

గోంగూర_మెస్:
లాపాయింటు గారూ, "గొల్టి" ఫిర్యాదుకి సాక్షి కావాలా?