ఇటలీలో పియాజ్జాలు, చర్చిలు: అమ్మానాన్నలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కాకినాడ_కాజా
అక్టోబర్లో అమ్మానాన్నల్ని ఇటలీ తీసుకెళ్తున్నాం. రోమ్ నాలుగు రోజులు, ఫ్లోరెన్స్ రెండు, వెనిస్ రెండు. నాన్నకి 68 ఏళ్లు, నడకకి ఢోకా లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు చూస్తేనే టెన్షన్. నేను రాసుకున్న లిస్టులో పద్నాలుగు చర్చిలు, తొమ్మిది పియాజ్జాలు, అంటే మన భాషలో సెంటర్లు, తేలాయి. అమ్మ అది చూసి "పెళ్లి కార్డులు పంచడానికి వెళ్తున్నామా?" అంది. ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి? చీరలో వెళ్తే చర్చిల్లో ఏమైనా అంటారా?

లక్డీకాపూల్_లక్ష్మి
చీరకి ఏ ఇబ్బందీ లేదండి. వాళ్లు చూసేది భుజాలూ మోకాళ్లూ. కొంగు నిండుగా కప్పుకుంటే అయిపోయింది. వాళ్లు ఆపింది మా ఆయన్ని! వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర గంటంపావు లైన్లో నిలబడ్డాక, షార్ట్స్ మోకాలి పైకి ఉన్నాయని పక్కకి పంపారు. నా చున్నీ లుంగీలా చుట్టుకుని లోపలికొచ్చాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతూనే ఉంది.

అక్కడ చర్చి లోపలికి టికెట్ లేదు, లైనంతా సెక్యూరిటీ తనిఖీ కోసమే. పొద్దున్నే ఏడింటికల్లా వెళ్లండి. బుధవారం ఉదయం మాత్రం పెట్టుకోకండి. పోప్ ఊళ్లో ఉంటే ఆ పూట జనానికి దర్శనమిస్తారు, చర్చిలోకి మనల్ని పంపరు. గోపురం పైకి 551 మెట్లు. లిఫ్ట్ ఉంది కదా అని టికెట్ కొనేయకండి, అది దిగాక కూడా దాదాపు 320 మెట్లు మిగిలే ఉంటాయి.

అమ్మగారికి బయట సెంటర్లోనే కావలసినంత కాలక్షేపం. ఒబెలిస్కుకీ (మధ్యలో నిలబెట్టిన పొడుగాటి ఏకశిల) ఫౌంటెన్‌కీ మధ్య నేలలో గుండ్రటి రాయి ఉంటుంది. దాని మీద నిలబడి స్తంభాల వైపు చూస్తే నాలుగు వరసలూ ఒకటే వరసైపోతాయి. ఒక్క అడుగు పక్కకి వేస్తే మళ్లీ నాలుగూ బయటపడతాయి. మొత్తం 284 స్తంభాలు, బెర్నీని అనే శిల్పి గీసిన లెక్క అది. మా అమ్మాయి ఆ రాయి దిగనంది.

ఎర్రబస్సు_యాత్రికుడు
నా మాట విని లిస్టు సగానికి కోసేయండి. నాలుగో చర్చికొచ్చేసరికి అన్నీ కలిసిపోతాయి. నాకు ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ ఊరిదో తేల్చడానికి ఒక ఆదివారం పట్టింది.

ఫ్లోరెన్స్ పెద్ద చర్చి లోపలికి ఉచితమే, కానీ లైను చాలా పొడుగు. నిజం చెప్పాలంటే బయట ఉన్నంత సందడి లోపల లేదు. ఆదివారం సందర్శకులని రానివ్వరు. ఇంకో సంగతి, అందరూ ఫొటోలు దిగే ఆ ముఖద్వారం గోడ పాతదేం కాదు, 1887లో పూర్తయింది. అసలు విశేషం గోపురం. బ్రునెల్లెస్కీ అనే ఆర్కిటెక్ట్ 1420లో మొదలుపెట్టి 1436కి పూర్తి చేశాడు, అదీ కింద నుంచి సెంట్రింగ్ కొట్టకుండా. రెండు పొరల గోపురం, ఇటుకల్ని చేప ముల్లులా అడ్డం నిలువు పేర్చుకుంటూ పోయాడు. కడుతున్నప్పుడు ఆ పేర్పే ఇటుకల్ని జారనీయకుండా పట్టి ఉంచింది. మా నాన్న తాపీమేస్త్రి. ఆయన ఆ పొరల మధ్య మెట్ల దారిలో ఇటుక మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు, వెనక వస్తున్నవాళ్లు గొణుగుతున్నా కదల్లేదు.

పైకి 463 మెట్లు, లిఫ్ట్ లేదు, దారి ఇరుకు. టికెట్ ముందే టైముతో సహా బుక్ చేసుకోవాలి. మీ నాన్నగారిని పంపండి. అమ్మగారూ మీరూ ఆ గంటన్నర కింద జెలాటో (వాళ్ల ఐస్‌క్రీమ్) తినండి.

గోదారి_గట్టు
రోమ్‌లో పియాజ్జా నవోనా మాత్రం కొట్టేయకండి. మిగతా సెంటర్లలా కాదు, ఇది కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది. కారణం, కింద డొమీషియన్ చక్రవర్తి కట్టించిన పరుగుపందాల స్టేడియం ఉంది. ఇళ్లన్నీ దాని గట్ల మీదే లేచాయి.

మధ్యలో నాలుగు నదుల ఫౌంటెన్, 1651 నాటిది, ఇదీ బెర్నీనిదే. డాన్యూబ్, నైలు, దక్షిణ అమెరికా నుంచి ప్లాటా, నాలుగోది మన గంగ! కానీ వాళ్ల నదీదేవతలు మగవాళ్లు కాబట్టి గంగమ్మ తల్లికి గడ్డం వచ్చింది. చేతిలో పొడుగాటి తెడ్డు ఉన్నవాడే గంగ. నైలు తల మీద ముసుగు వేసుకుని ఉంటాడు, ఆ రోజుల్లో అది ఎక్కడ పుడుతుందో యూరప్‌లో ఎవరికీ తెలియదు మరి.

ఐదు నిమిషాల నడకలో సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ అనే చర్చి ఉంది. టికెట్ లేదు. ఎడమవైపు చివరి గదిలో కారవాజ్జో అనే చిత్రకారుడు వేసిన, ఏసు శిష్యుడు మత్తయి బొమ్మలు మూడు. మేం వెళ్లినప్పుడు చిల్లర వేస్తేనే లైటు వెలిగేది. అందరూ ఎవరు వేస్తారా అని చీకట్లో ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. చివరికి మా ఆవిడే వేసింది.

పాదువా_పప్పుచారు
అన్నా, నేను ఇక్కడే మాస్టర్స్ చేస్తున్నా. ముఖ్యమైన మాట ఒకటి చెప్తా: చిన్న చర్చిలు మన గుళ్లలాగే మధ్యాహ్నం మూసేస్తారు. పన్నెండు, పన్నెండున్నరకి వేస్తే మళ్లీ మూడున్నర, నాలుగుకే తీస్తారు. కాబట్టి చర్చిలు పొద్దున, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం సెంటర్లు. ఇక్కడివాళ్లు కూడా సాయంత్రమే బయటికొస్తారు.

ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ రైలు బొలోన్యా మీదుగానే వస్తుంది. వీలైతే అక్కడ దిగి సామాను స్టేషన్లో పెట్టి మూడు గంటలు తిరగండి. సాన్ పెత్రోనియో చర్చి ముందు గోడ కింద పాలరాయి, పైన వట్టి ఇటుక. డబ్బుల్లేక ప్లాస్టరింగ్ ఆగిపోయిన ఇల్లులా ఉంటుంది. 1390లో మొదలైన పని ఇప్పటికీ అంతే. లోపల నేల మీద దాదాపు 67 మీటర్ల గీత ఉంది, 1655లో కస్సీని అనే ఖగోళ శాస్త్రవేత్త వేయించాడు. పైకప్పులో చిన్న కన్నంలోంచి పడ్డ ఎండ బిళ్ల మిట్టమధ్యాహ్నం ఆ గీతని దాటుతుంది, అది ఎక్కడ దాటిందన్నదాన్ని బట్టి తారీఖు తెలుస్తుంది. వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఒంటిగంట దాటాక చూడండి.

మా పాదువా కూడా దారిలోదే, వెనిస్‌కి అరగంట. ఇక్కడ జొత్తో అనే చిత్రకారుడి బొమ్మలున్న స్క్రోవేన్యి చాపెల్‌కి (చిన్న ప్రార్థనా మందిరం) బుకింగ్ తప్పనిసరి. గాలి శుభ్రం కావడానికి మనల్ని ముందు పదిహేను నిమిషాలు ఒక గదిలో కూర్చోబెడతారు, ఆ తర్వాతే బొమ్మలు.

గుణదల_మేరీ
పాదువా అన్నారు కాబట్టి నేనూ రాస్తున్నా. మాకు పునీత అంతోనివారి సమాధి అంటే చూసే చోటు కాదు, మొక్కుబడి. సమాధి వెనక రాతి మీద అరచెయ్యి ఆనించి ప్రార్థిస్తారు. చుట్టూ జనం పెట్టిన ఫొటోలు, పసిపిల్లలవి, ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్లవి. నేను మా తమ్ముడి ఫొటో పెట్టొచ్చాను. అంతోనివారి నాలుక ఇంకా గాజు పాత్రలో ఉంది, దాని దగ్గర వేరే లైను.

ఒక్క విన్నపం. పూజ జరుగుతున్నప్పుడు పీఠం ముందు సెల్ఫీలు వద్దు. మనవాళ్లనే చూశాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మూడు_సూట్‌కేసులు
నా పేరే నా వెనిస్ కథ. స్టేషన్ నుంచి హోటల్‌కి ఐదు వంతెనలు, ప్రతిదానికీ మెట్లే. అమ్మగారి కోసం పడవ స్టాపు పక్కనే గది తీసుకోండి, వంద మెట్ల నొప్పి తప్పుతుంది.

సాన్ మార్కో చర్చికి టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. వీపు సంచి లోపలికి రానివ్వరు. పైన వరండాలో కనిపించే నాలుగు గుర్రాలు నకలు, అసలువి లోపల మ్యూజియంలో ఉన్నాయి. 1204లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి వెనిస్‌వాళ్లు దోచుకొచ్చారు, 1797లో వాళ్ల దగ్గర నెపోలియన్ దోచుకుపోయాడు, 1815లో తిరిగొచ్చాయి. ఆ పైకి మెట్లు నిటారుగా ఉంటాయి. ఎత్తు నుంచి చూడాలంటే ఎదురుగా ఉన్న గంటస్తంభానికి లిఫ్ట్ ఉంది, అది ఎక్కించండి. 1902లో కూలిపోతే మళ్లీ కట్టిన స్తంభం కాబట్టి భయం లేదు.

సెంటర్లో మెట్ల మీద కూర్చుంటే జరిమానా వేస్తారు. కుర్చీలో కూర్చుంటే హోటల్‌వాడు వేస్తాడు! రెండు కాఫీలకి బిల్లులో వయొలిన్ పాటల ఛార్జీ విడిగా రాశారు. మెనూ చివర చిన్న అక్షరాల్లో ఉందట, నేను చూడలేదు. నిలబడి కౌంటర్ దగ్గర తాగితే అన్ని ఊళ్లలోనూ చవక.

అక్టోబర్ అంటే నీళ్లు పొంగే కాలం మొదలు. 2020 నుంచి సముద్రానికి గేట్లు లేపుతున్నారు, పెద్ద వరద రాదు. కానీ ఆ సెంటర్ పల్లంలో ఉంది, చీలమండ దాకా రావచ్చు.

ఎర్రబస్సు_యాత్రికుడు
కూర్చోవడం అంటే గుర్తొచ్చింది, రోమ్‌లో స్పానిష్ మెట్ల మీద కూడా 2019 నుంచి కూర్చోనివ్వడం లేదు. హాయిగా నేల మీద చతికిలబడాలంటే సియెనాలో కాంపో. గవ్వలా పల్లానికి దిగే సెంటర్, మధ్యాహ్నం పడుకున్నవాళ్లు కూడా ఉంటారు. ఫ్లోరెన్స్ నుంచి బస్సుంది. కాజా గారి లిస్టులో లేదనుకుంటా.

కాకినాడ_కాజా
తిరిగొచ్చామండీ. ఆరు చర్చిలే చూశాం. సియెనా కుదర్లేదు, బొలోన్యా కుదిరింది కానీ ఆ రోజు మబ్బు, ఎండ బిళ్ల లేదు. నాన్న గీత పొడుగు అడుగులతో కొలుచుకుని తృప్తి పడ్డారు.

అమ్మ ప్రతి చర్చి గుమ్మం దగ్గరా చెప్పులు విప్పబోయేది. ఆవిడకి అన్నిటికంటే నచ్చింది రోమ్‌లో పాంథియన్. 2023 జులై నుంచి దానికి టికెట్ పెట్టారు, మెట్లు మాత్రం లేవు. 43 మీటర్ల గోపురం, నడినెత్తిన పెద్ద కన్నం. మేం వెళ్లినప్పుడు వాన. నీళ్లు తిన్నగా లోపల నేల మీద పడుతుంటే చుట్టూ తాడు కట్టారు. "ఇన్నేళ్లుగా ఇలాగే తడుస్తోందా?" అని అమ్మ అడిగింది. నాన్న అప్పటికే నేలలో నీళ్లు పోయే చిల్లులు వెతుకుతున్నారు. గుడిగా కట్టి, 609లో చర్చి చేశారని చదివి వినిపిస్తే అమ్మ అక్కడే ఒక బెంచీ చూసుకుని ముప్పావుగంట కూర్చుంది.

నవోనాలో గడ్డం గంగకి దణ్ణం కూడా పెట్టింది.

గోదారి_గట్టు
ఆ ఫొటో పెట్టాల్సిందే!

కాకినాడ_కాజా
అడిగానండీ. "జుట్టు రేగిపోయి ఉన్నాను, వద్దు" అంది.